సోఫాలు తర్వాత, ముందు వైర్లూ నీళ్ళ పైపులూ చూడండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ మధ్య పేపర్లలో కారవాన్ టూరిజం, అంటే పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా మార్చిన క్యాంపర్ వ్యాన్లలో ఊళ్ళు తిరగడం, దాని వార్తలు ఎక్కువయ్యాయి. కేరళ ప్రభుత్వం 2021లోనే దీన్ని తలకెత్తుకుంది, కర్ణాటకలో నడుస్తోంది, మన దగ్గరా ఆ మాట గట్టిగానే వినబడుతోంది. సంతోషమే. అయితే ఏ వార్త చూసినా ఒకటే రకం ఫొటో. లోపల పరుపు, ఏసీ, రంగురంగుల లైట్లు, కిటికీలోంచి చెయ్యి ఊపుతున్న పిల్లలు. ఆ పరుపు ఎత్తితే కింద ఏముందో మాత్రం ఎవరూ చూపించరు. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సుల గ్యారేజీలో ఎలక్ట్రీషియన్ని. రిటైరయ్యాక కర్నూల్లోనే ఉంటున్నాను, తెలిసినవాళ్ళు బండి తెస్తే కాదనలేక చూస్తుంటాను, కాబట్టి ఆ పరుపులు ఎత్తడం నాకు అలవాటైపోయింది. ఎత్తిన ప్రతిసారీ బీపీ పెరుగుతోంది. అందుకే ఈ ఉత్తరం.

మనది హైదరాబాదుకూ బెంగళూరుకూ మధ్య, 44వ నంబరు హైవే మీద ఉన్న ఊరు. ఆ రెండు నగరాల్లో మోజు తీరిన బండ్లు ఇటే దిగుతాయి. ఎక్కువగా పాత టెంపో ట్రావెలర్లు. 1987 నుంచి వస్తున్న బండి అది, కంపెనీ పేరు బజాజ్ టెంపో నుంచి ఫోర్స్ మోటార్స్ అయింది గానీ మన జనం నోట్లో టెంపో అట్లాగే ఉండిపోయింది. స్కూలుకో టూర్లకో ఏళ్ళ తరబడి తిరిగాక, ఏదో షెడ్డులో సీట్లు పీకించి, మంచం, సింకు, చిన్న ఫ్రిజ్జు పెట్టించుకుని ఒకాయన వాడతాడు. ఆయన ఇంకొకాయనకు అమ్ముతాడు. చివరికి మన కడప కుర్రాడో అనంతపురం కుర్రాడో కొంటాడు. కొన్నవాడు చేసే మొదటి పని కొత్త రెగ్జిన్ వేయించడం. రెండోది రంగు. మూడోది గండికోట బయల్దేరడం.

నేను చెప్పేది ఒకటే. చేతిలో ఎంత డబ్బుంటే అంత, ముందు వైరింగు మీద పెట్టండి, తర్వాత నీళ్ళ లైను మీద పెట్టండి. మిగిలితే సోఫా. మిగలకపోతే చాప.

"పన్నెండు వోల్టులే కదా సార్, ఏమైతాదిలే" అనని ఓనరు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఇంట్లో స్విచ్చుబోర్డు ముట్టుకోవాలంటే చెప్పులు వెతుక్కునే మనిషి కూడా బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి సింహమైపోతాడు. పన్నెండు వోల్టులకు షాకు కొట్టదు, ఒప్పుకుంటాను. కానీ కాలుతుంది. లెక్క చిన్నదే. మీ మిక్సీ 750 వాట్లు అనుకోండి. ఇంట్లో 230 వోల్టుల మీద అది తీసుకునేది మూడు ఆంపియర్ల పైచిలుకు, అంతే. అదే మిక్సీని వ్యాన్లో ఇన్వర్టర్ మీద తిప్పితే బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు పోయే వైరులో అరవై ఆంపియర్లు దాటుతుంది, ఇన్వర్టర్ మింగే నష్టం కూడా కలిపితే డెబ్బై దాకా పోతుంది. కొబ్బరి చట్నీ నలిగినంతసేపూ డెబ్బై ఆంపియర్లు! దానికి ఎంత లావు వైరు కావాలి? ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కనే పెట్టి దూరం బాగా తగ్గించినా 25 స్క్వేర్ ఎంఎం అయినా వేసుకోవాలి, పెద్ద ఇన్వర్టరైతే ఇంకా లావు. పరుపు ఎత్తితే నాకు కనబడేది ఏమిటంటే, ఇంటి గోడలో ప్లగ్గులకు వేసే రెండున్నర స్క్వేర్ ఎంఎం వైర్లు రెండు మెలిపెట్టి, పైన నల్ల టేపు. టేపు వేడికి జిగురు కారిపోయి ఉంటుంది. వైరు మీది ప్లాస్టిక్ ముట్టుకుంటే పెళుసుగా పొలుసులు రాలుతుంది. దాని పక్కనే దుప్పట్లు మడతపెట్టి ఉంటాయి.

ఫ్యూజు సంగతి ఇంకా ఘోరం. ఇంట్లో ఏదైనా షార్టయితే ఎంసీబీ, అంటే దానంతటదే పడిపోయే స్విచ్చు, పడుతుంది, అది పడకపోతే స్తంభం మీద ఫ్యూజు పోతుంది, లైన్‌మన్‌ని తిట్టుకుని ఊరుకుంటాం. పరుపు కింది 150 ఏహెచ్ బ్యాటరీకి అడ్డం పడేది ఎవరు? రెండు టెర్మినళ్ళ మధ్య స్పానర్ పడితే చాలు, వెయ్యికి పైగా ఆంపియర్లు దూకుతాయి, స్పానర్ ఎర్రగా కాలిపోతుంది. ఉంగరం వల్ల వేలు కాల్చుకున్న మెకానిక్కు కథ ఏ గ్యారేజీకి వెళ్ళినా ఒకటి వినబడుతుంది, కాబట్టి బ్యాటరీ మీద చెయ్యి వేసేముందు ఉంగరం, కడియం, స్టీలు గొలుసు వాచీ తీసి జేబులో వేసుకోండి. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్ దగ్గర ఉందిలే సార్ అంటారు. అక్కడ ఉంటే ఏం లాభం, దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరంతా దిక్కులేనిదే కదా. ఆ వైరు ఏ రేకు అంచుకో రాసుకుని తోలు ఊడితే మంట అక్కడ మొదలవుతుంది, ఇన్వర్టర్ దగ్గరున్న ఫ్యూజుకు ఆ విషయమే తెలియదు. ఇంకో మాట, ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. వైరు లావును బట్టి ఫ్యూజు వేయాలి, మాటిమాటికీ పోతోందని పెద్దది తగిలించకూడదు. ఇట్లాంటి పెద్ద కరెంటుకు వాడే మెగా ఫ్యూజుకో ఏఎన్ఎల్ ఫ్యూజుకో హోల్డరుతో కలిపి అయ్యే ఖర్చు ఒక పూట కుటుంబమంతా బిర్యానీ తినే ఖర్చుకు మించదు. దానికి మాత్రం బేరమాడతారు.

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మా ఊరి పక్కనే చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడింది. అది వైరింగు వల్ల మొదలైంది కాదు, మోటారు సైకిల్ బస్సు కింద ఇరుక్కుపోయి అంటుకుంది. మంట ఎట్లా వచ్చినా, లోపల నిద్రపోతున్నవాళ్ళకు దిగే సమయం ఎంత తక్కువ ఉంటుందో ఈ జిల్లా మొత్తం చూసింది. బండిలో పడుకునే ప్రతివాడూ తన బండి గురించి వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే. మంట పుట్టే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, పుడితే వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా. చాలా క్యాంపర్లలో వెనక తలుపుకు అడ్డంగా మంచం బిగించేశారు. దాని గురించి ఇంకో ఉత్తరం రాయాలి.

ఇంటి వైరు బండిలో ఎందుకు పనికిరాదో కూడా చెప్తాను, ఎందుకంటే అడిగితే "రాగే కదా సార్ రెండూ" అంటారు. ఇంటి వైరు గోడలో కదలకుండా పడి ఉండేది. బండి వైరు ఇంజనుతో పాటు ఊగుతుంది, బేలం గుహల వైపు సిమెంటు లారీలు తొక్కేసిన రోడ్డు మీద గంటల తరబడి వణుకుతుంది. అందులో సన్నని పోగులు ఎక్కువున్న ఆటో కేబుల్ వేయాలి. చివర లగ్గు, అంటే బోల్టుకు బిగించే కన్నమున్న కొస, పెట్టి క్రింపింగ్ టూలుతో నొక్కాలి, సుత్తితో కొట్టి చదును చేసింది లగ్గు కాదు. టంకం పెడితే గట్టి అనుకుంటారు, అది ఆగిన చోట వైరు బిగుసుకుపోయి, కదలికకు సరిగ్గా అక్కడే తెగుతుంది. రేకులోంచి వైరు దూరే ప్రతి కన్నానికీ గ్రోమెట్ అనే రబ్బరు రింగు ఉండాలి. ఇక మన వైపు ఎలుకలు. శనక్కాయలు తింటూ ప్రయాణం చేసి, పొట్టూ పప్పులూ సీటు సందుల్లో వదిలేసి, బండిని నెల రోజులు షెడ్డులో నిలబెడితే అవి ఊరుకుంటాయా? వేసేటప్పుడే వైర్లను ముడతల పైపులో పోనిచ్చి క్లిప్పులు కొట్టండి, ఎలుకను ఆపకపోయినా కనీసం కొరికింది ఎక్కడో కనబడుతుంది.

లైట్లు మసకబారడం అనేది వచ్చే కంప్లయింట్లన్నింటిలో మొదటిది. పంపు ఆన్ చేయగానే లైటు డల్ అవుతుంది, ఫ్యాను నీరసిస్తుంది. షాపుకు తీసుకెళ్తే బ్యాటరీ పోయిందంటారు, కొత్తది అమ్ముతారు, వారం బాగుంటుంది, మళ్ళీ అదే కథ. బ్యాటరీ జోలికి పోకముందు ఎర్త్ చూడండి. పాత బండ్లలో మైనస్ వైరును ఛాసిస్‌కో బాడీకో ఒక బోల్టుతో బిగించి వదిలేస్తారు, ఆ బోల్టు కింద రంగు, తుప్పు, బురద. నాలుగైదు వందలకు మల్టీమీటర్ దొరుకుతుంది. లైట్లు, ఫ్యాను, పంపు అన్నీ ఆన్ చేసి, మీటరు ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో మొన పంపు మైనస్ మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు చూపించిందంటే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా ఎమిరీ కాగితంతో రుద్ది, కొత్త లగ్గు వేసి, పైన గ్రీజు పూయండి. కొత్త బ్యాటరీ డబ్బులు మిగిలినట్టే. అసలు మంచి పద్ధతి ఏమిటంటే, ఇంటి సామాను తరహావి, అంటే లైట్లు, పంపు, ఫ్రిజ్జు, ఇట్లాంటివాటికి బాడీ ఎర్త్ మీద ఆధారపడకుండా ప్లస్‌తో పాటు మైనస్ కూడా వైరుగానే లాగడం.

పొద్దున సెల్ఫ్ కొట్టకపోవడం రెండోది. ఇంజను బ్యాటరీనీ, లోపల వాడుకునే బ్యాటరీనీ మామూలు వైరుతో కలిపేసి ఉంటారు. రాత్రంతా ఫ్యాను తిరిగి రెండింటినీ పీల్చేస్తుంది. పొద్దున గండికోట ముందర టూరిస్టులందరూ కలిసి ట్రావెలర్‌ను తోస్తుంటే చూడటానికి సరదాగానే ఉంటుంది, తోసేది మనం కానప్పుడు. రెండు బ్యాటరీల మధ్య ఇంజను నడిచేటప్పుడే వాటిని కలిపే రిలే, అంటే దానంతటదే పనిచేసే స్విచ్చు, ఉండాలి, రెండు చివరలా ఫ్యూజు ఉండాలి. లిథియం బ్యాటరీ వేయించుకుంటే రిలే కూడా చాలదు, కరెంటును అదుపులో పెట్టి ఎక్కించే డీసీ టు డీసీ చార్జర్ కావాలి, లేకపోతే ఆ బ్యాటరీ ఆకలికి ఇంజను దగ్గర కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు.

బ్యాటరీ రకం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఇళ్ళల్లో ఇన్వర్టర్లకు వాడే పొడుగాటి ట్యూబులర్ బ్యాటరీని తెచ్చి మంచం కింద పెడుతున్నారు. అది కదలకుండా ఒక మూలన ఉండాల్సింది. ఘాటు రోడ్డులో మూతల్లోంచి ఆసిడ్ చిమ్ముతుంది, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. ఆ గ్యాసు బయటికి పోవడానికి గొట్టం లేదు, పైన మనుషులు పడుకుని ఉన్నారు, పక్కన రిలే టక్కుమంటూ నిప్పురవ్వ కొడుతుంది. ఒక్కోచోట అదే అరలో వంట గ్యాసు సిలిండరు కూడా ఉంటుంది, నేను నోరు మూసుకుని కిందికి దిగొచ్చేస్తాను. సీల్డ్ బ్యాటరీ తీసుకోండి, అది కూడా బయటికి గాలి ఆడే పెట్టెలో పెట్టి బెల్టుతో కట్టండి. మన ఎండలకు ఇంకో బాధ ఉంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగం తగ్గుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన వ్యాన్ లోపల ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. లిథియంవాటిలో చాలావరకు వేడి మీరితే లోపల కాపలా కాసే బీఎంఎస్ సర్క్యూటు చార్జింగే ఆపేస్తుంది. అందుకని ఇంజను పక్కన, ఎండ పడే రేకు పక్కన బ్యాటరీ వద్దు. రాత్రి ఏ లోడూ లేకుండా వదిలేసి పొద్దున మీటరు పెడితే లెడ్ బ్యాటరీ 12.7 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సగం కిందికి రోజూ తోడేస్తే రెండేళ్ళు రావాల్సింది ఏడాదికే చేతులెత్తేస్తుంది.

సోలార్ ప్యానెల్ వేసినవాళ్ళు కూడా ఎండ ఎక్కువ కదా కరెంటు ఎక్కువ వస్తుంది అనుకుంటారు. వెలుతురుతో పెరుగుతుంది, వేడితో తగ్గుతుంది. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి నూటికి 0.4 దాకా తగ్గుతూ పోతుంది, మధ్యాహ్నం 65 డిగ్రీలకు కాగిన ప్యానెల్ నుంచి పదిహేను శాతం పోయినట్టే. టాపు మీద అతికించేయకుండా కింద గాలి ఆడేట్టు బ్రాకెట్ల మీద లేపండి. ఆ వైరుకు స్విచ్చుగా డీసీ (బ్యాటరీ, సోలార్ తరహా కరెంటు) అని రాసున్న ఎంసీబీనే కొనండి. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి తెంచేటప్పుడు పుట్టే మెరుపు ఆరిపోతుంది, డీసీలో ఆ సున్నా ఉండదు, పెద్ద ప్యానెళ్ళ వోల్టేజీకి మెరుపు సాగుతూనే ఉంటుంది.

ఇక 230 వోల్టుల కరెంటు. ఏ హోటల్ దగ్గరో సత్రం దగ్గరో ఆపి, అక్కడి ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ లాగి ఏసీ వేస్తారు. బండి టైర్ల మీద నిలబడి ఉంటుంది. ఎక్కడైనా ఫేజు వైరు బాడీకి తగిలిందంటే బండి మొత్తం ఫేజు అవుతుంది, లోపల ఉన్నంతసేపూ ఎవరికీ ఏమీ తెలియదు. తడి కాళ్ళతో ఒక కాలు నేల మీద పెట్టి తలుపు పట్టుకున్నవాడు అయిపోతాడు. కరెంటు లీకైతే వెంటనే పడిపోయే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు లేని బండికి బయటి కరెంటు ఇవ్వనే ఇవ్వకండి, నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి పడుతుందో లేదో చూడండి. మన పల్లెల్లో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది, మూడో కన్నానికి వెనక వైరు ఉండదు. మూడు లైట్లుండే చిన్న ప్లగ్గు టెస్టరు దొరుకుతుంది, దాన్ని బండిలోనే వేసుకోండి, ముందు అది గుచ్చి చూసి తర్వాత వైరు లాగండి.

అసలు ఈ గందరగోళానికి కారణం నాకు కనబడేది ఏమిటంటే, క్యాంపర్ వ్యాన్ ఎవరి పనీ కాదు. ఆటో ఎలక్ట్రీషియన్‌కు 12 వోల్టులు వెన్నతో పెట్టిన విద్య, ఇన్వర్టర్ అవతల ఏముందో పట్టించుకోడు. ఇంటి ఎలక్ట్రీషియన్‌కు 230 తెలుసు, వైరు లావును ఇంటి లెక్కలోనే చూస్తాడు. ప్లంబర్‌కు నీళ్ళు తెలుసు, తాను బిగించే పంపు పక్కన బ్యాటరీ ఉందన్న ధ్యాస ఉండదు. ముగ్గురూ మంచి పనివాళ్ళే, విడివిడిగా వచ్చి విడివిడిగా పోతారు. ఐటీఐలో కూడా ఎలక్ట్రీషియన్ ట్రేడు వేరు, మోటారు మెకానిక్ ట్రేడు వేరు. అందుకని ఓనరే కూర్చుని ఒక కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ ఫ్యూజు దేనికి, ఏ పైపు ఎటు, అంతా. దాన్ని లామినేషన్ చేయించి అల్మరా తలుపు లోపల అతికించండి. ముగ్గురినీ ఒకే రోజు పిలవండి. ముగ్గురూ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటారు, ఆ రోజు మనకు మంచి టైంపాస్ కూడా.

నీళ్ళ విషయానికొస్తే మన సీమ బోరు నీళ్ళ గురించి మీకు చెప్పక్కర్లేదు. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ బాధ ఎంతుందో, 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఎందుకు రావాల్సి వచ్చిందో అందరికీ తెలుసు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి వ్యాను ట్యాంకు నీళ్ళు చేతులు, గిన్నెలు, స్నానానికే. తాగడానికి క్యాను వేరే పెట్టుకోండి, దీని మీద చర్చ వద్దు.

ఉప్పు నీళ్ళు బండికి చేసేది వేరే. తెల్లగా పొరలు కట్టి పంపు వాల్వులు మూసుకోవు, గీజరు రాడ్డు సున్నపు ముద్ద అవుతుంది. పంపు గుర్రుమంటుంది, నీళ్ళు రావు. చాలామంది అక్కడే పంపు మార్చేస్తారు. తొందరపడకండి. ముందు పంపుకు ముందున్న చిన్న జాలీ విప్పి చూడండి, ఇసుక, పాచి, ట్యాంకు డ్రిల్లు చేసినప్పటి ప్లాస్టిక్ తురుము అందులోనే ఉంటాయి. తర్వాత ఆ జాలీ మూత రబ్బరు రింగు ఎండిపోయిందేమో, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు క్లిప్పు వదులైందేమో చూడండి. పీల్చేవైపు లీకుంటే నీళ్ళు బయటికి కారవు, గాలి లోపలికి వస్తుంది, అందుకే తడి కనబడక ఎవరికీ దొరకదు. ఇంకోటి, ట్యాంకుకు గాలి గొట్టం ఒకటి ఉంటుంది. బండి వాడకుండా నిలబెడితే కందిరీగ దాంట్లో మట్టిగూడు కట్టేస్తుంది. అప్పుడు పంపు పీల్చే కొద్దీ ట్యాంకు లోపలికి నొక్కుకుపోతుంది. గొట్టం చివర దోమతెర ముక్క కట్టండి, చాలు.

పంపు నిజంగానే పోతే కంగారు పడి బెంగళూరు నుంచి తెప్పించక్కర్లేదు. మా మార్కెట్ యార్డు చుట్టుపక్కల రైతుల సామాను అమ్మే షాపుల్లో, ఆ మాటకొస్తే సీమలో ఏ మండల కేంద్రంలోనైనా, మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ల స్పేర్లు దొరుకుతాయి. వాటిలో ఉండేదీ 12 వోల్టుల డయాఫ్రం పంపే, ప్రెజర్ స్విచ్చుతో సహా. షవరుకు ధార చాలదు గానీ సింకుకు బాగా సరిపోతుంది. కానీ కొత్తది, పెట్టె విప్పనిది మాత్రమే. పురుగుమందు తాకిన పాతది ఎంత కడిగినా వద్దు, ఫ్రీగా ఇచ్చినా వద్దు. వాటర్ ప్యూరిఫయర్ పంపు కూడా చూడటానికి అట్లాగే ఉంటుంది, అది ఎక్కువగా 24 వోల్టులది, ధారా చాలా తక్కువ, దాన్ని తెచ్చి బిగించి పంపు పనిచేయట్లేదని మళ్ళీ నా దగ్గరికి రావద్దు.

ఇళ్ళల్లో వేసే సీపీవీసీ పైపులు జిగురు పెట్టి వ్యాన్లో వేయడం ఇంకో సరదా. అవి బిర్రుగా ఉంటాయి, ఊగుడుకు ఎల్బోల దగ్గర సన్నగా చీలతాయి. లోపల దారం అల్లిన మెత్తటి ఫుడ్ గ్రేడ్ హోసు, స్టీలు క్లిప్పులు వేయండి. లీకు ఉందో లేదో కనుక్కోవడం సులువు. కుళాయిలన్నీ కట్టేసి, పంపు స్విచ్చు ఆన్‌లో ఉంచి, టీ తాగుతూ కూర్చోండి. ఎవరూ కుళాయి తిప్పకుండానే మధ్యమధ్యలో పంపు గుర్రుమని ఆగితే ఎక్కడో కారుతున్నట్టే, లేదా పంపు లోపలి వాల్వు పట్టట్లేదు.

ట్యాంకు వాసన వస్తే అగరుబత్తి వెలిగించేవాళ్ళను చూశాను. ముందు పాత నీళ్ళు వదిలేసి, చెయ్యి దూరే మూత ఉంటే లోపల పాచి రుద్దేయండి. వంద లీటర్ల ట్యాంకుకు పదిహేను, ఇరవై గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్టు నీళ్ళలో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైన తేట మాత్రం ట్యాంకులో పోసి నింపండి. ప్రతి కుళాయీ తిప్పి ఆ వాసన వచ్చేదాకా వదలండి, పైపుల్లోకి కూడా పోవాలి కదా. నాలుగు గంటలైనా ఉంచి, తర్వాత మంచి నీళ్ళతో వాసన పోయేదాకా కడగండి. సున్నపు పొరకు నిమ్మ ఉప్పు కరిగించి వేరే రోజు పెట్టండి. రెండూ ఒకే రోజు, ఒకే ట్యాంకులో కలిపితే క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన వ్యాన్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ట్యాంకు తెల్లటి ప్లాస్టిక్‌దైతే వెలుతురు తగలకుండా కప్పండి, పాచి మళ్ళీ అంత తొందరగా రాదు. లీటరుకు కిలో బరువు అన్నది కూడా గుర్తు పెట్టుకోండి. రెండు వందల లీటర్లు వెనక బంపరు దగ్గర పెట్టించుకుని నల్లమల ఘాటు ఎక్కితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలికైపోతుంది, ఇంజను బాగుందనుకుని మురిసిపోతారు. ట్యాంకు రెండు ఇరుసుల మధ్య, కిందికి ఉండాలి.

నేను చూసిన పాత క్యాంపర్లలో సగానికి పైగా సింకు కింద ఒకే అర ఉంటుంది. అందులోనే నీళ్ళ పంపు, అందులోనే ఫ్యూజు బాక్సు, ఒక్కోసారి ఇన్వర్టర్ కూడా. జాగా కలిసొస్తుందని. పంపు దగ్గర చుక్క చుక్క కారి ఫ్యూజు బాక్సులో పచ్చటి చిలుము పడుతుంది, ప్లైవుడ్డు ఉబ్బుతుంది, ఉబ్బిన ప్లైవుడ్డు స్క్రూలను వదిలేస్తుంది, ఇన్వర్టర్ ఒక పక్కకు వేలాడుతుంది. రిపేరు ఏది ముందు అని నన్నడిగితే ఆ అర ముందు. వైర్లు పైకి, నీళ్ళు కిందికి, మధ్యలో అడ్డం. అడుగు చెక్క మారుస్తుంటే 710 గ్రేడు ప్లైవుడ్డు అడగండి, మామూలు కమర్షియల్ ప్లై తడికి ఆగదు.

కాగితాల సంగతి కూడా ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇష్టమొచ్చిన మార్పు చేయకూడదు, చేసింది ఆర్సీలో ఎక్కాలి. ఆర్సీలో ఇంకా సీట్ల బండి అనే ఉండి, లోపల మంచాలుంటే, రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. కొనేముందు ఆర్సీ చూడండి, పరుపు ఎత్తి చూడండి. అమ్మేవాడు పరుపు ఎత్తనివ్వకపోతే బేరం అక్కడే ఆపేయండి.

చివరగా పర్యాటక శాఖవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. గండికోటలో, బేలం దగ్గర, ఓర్వకల్లు రాళ్ళ దగ్గర పెద్ద పెద్ద కాటేజీలు ఏమీ అడగట్లేదు. పార్కింగులో ఒక మూలన సరైన ఎర్తింగు, ఆర్‌సీసీబీ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గులు కొన్ని, ఒక కుళాయి, వాడిన నీళ్ళు వదలడానికి మూతున్న గుంట ఒకటి పెట్టండి. ఇప్పుడు ఆ సబ్బు నీళ్ళన్నీ పెన్నా లోయ అంచునే వదులుతున్నారు, వాళ్ళను అని లాభం లేదు, వేరే చోటు లేదు. కుళాయి పెట్టినప్పుడు ఆ నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాలు), ఫ్లోరైడ్ ఎంతో పక్కన బోర్డు మీద రాసి, మూడు నెలలకోసారి మార్చితే బండ్లవాళ్ళకే కాదు, అక్కడ టీ కొట్టు పెట్టుకున్నవాళ్ళకూ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గ్యారేజీ ఎలక్ట్రీషియన్,
కర్నూలు